రోజిన్‌కు ఒక పేజీ

ఫిడేలు కమానుకు కొత్త వెంట్రుకలు కట్టించి, రోజిన్ రుద్దకుండా ఒకసారి తంత్రి మీద లాగి చూడండి. నాదం పలకదు. గుర్రపు తోక వెంట్రుక జారిపోతుంది, అంతే. రోజిన్ రుద్దితే ఆ వెంట్రుకే తంత్రిని పట్టి కాస్త లాగుతుంది, వదులుతుంది, మళ్లీ పడుతుంది. సెకనుకు కొన్ని వందల సార్లు జరిగే ఆ పట్టువిడుపుల్లోంచే స్వరం పుడుతుంది. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను గురించి మనకు ఎంత చెప్పుకున్నా తనివి తీరదు. చెప్పుకోవాల్సిందే. ఆ కమానుకు పట్టునిచ్చే తేనెరంగు బిళ్ల గురించి మాత్రం ఒక్క మంచి మాట నా చెవిన పడలేదు. మనం దానికొక సొంత పేరైనా పెట్టుకోలేదు. గుగ్గిలం అందామంటే ధూపం గుర్తొస్తుంది, పైగా అది వేరే చెట్టుది.

ఇది పైన్ చెట్టు గాయంలోంచి వచ్చేది. కుమావూ, గఢ్వాల్ కొండల్లో చీడ్ అనే పైన్ చెట్ల బెరడు చెక్కి, గాటు కింద దొప్ప తగిలిస్తారు. అందులోకి కారే జిగురును అక్కడివాళ్లు లీసా అంటారు. కొన్నాళ్లకోసారి గాటును మళ్లీ పచ్చి చేయాలి, నిండిన దొప్పలు మోసుకుని వాలు దిగాలి. ఆ పనిలో నేపాల్ నుంచి వలస వచ్చిన కూలీలు చాలామంది. లీసాను బట్టీలో కాస్తే టర్పెంటైన్ ఆవిరై పోతుంది, మిగిలేది రోజిన్. వంద కిలోల్లో దాదాపు డెబ్బై కిలోలు ఇదే. అయినా రంగులేసేవాళ్ల నోట నానింది టర్పెంటైన్ పేరే! లీసా విలువ ఒకప్పటి పాలకులకు బాగా తెలుసు. 1921లో అడవి ఆంక్షల మీద తిరగబడిన కుమావూ జనం చీడ్ అడవులకే నిప్పు పెట్టారు. ఎక్కడ కొడితే సర్కారుకు నొప్పి పుడుతుందో వాళ్లకు తెలుసు.

ఇక అడవి నుంచి రేడియో రిపేరు బల్ల దగ్గరికి రండి. రాగి తీగ మీద సన్నటి చిలుము పొర ఉంటే టంకం అంటదు. తగరం, సీసం కలిసిన టంకం కరగడానికి 183 డిగ్రీల వేడి కావాలి. రోజిన్ అంతకు చాలా ముందే కరిగి, ఆ చిలుమును తినేసి, దారి శుభ్రం చేసి పెడుతుంది. చల్లారాక గట్టిపడి, కరెంటు పారనివ్వకుండా, తీగను తినకుండా కూర్చుంటుంది. ఆ పొగ రోజూ పీల్చే మెకానిక్‌కు ఉబ్బసం రావచ్చు, అదీ చెప్పాలి. కిటికీ తెరిచి, పొగ లాగే ఫ్యాను పెట్టాల్సిన బాధ్యత యజమానిది.

కాగితం మీద సిరా పాకకుండా ఆపిందీ రోజినే. జర్మనీలో ఇల్లిగ్ అనే ఆయన 1807లో రోజిన్, పటిక కలిపి గుజ్జులోనే వేసే పద్ధతిని ప్రకటించాడు. పాత పుస్తకాలు పెళుసుబారి రాలిపోతుంటే కొందరు రోజిన్‌ను తిడతారు. కాగితాన్ని అలా పెళుసుబార్చే ఆమ్లం ప్రధానంగా పటికది. నింద మాత్రం ఇద్దరికీ!

రోడ్డు మీది తెల్ల గీతల్లో, చూయింగ్ గమ్‌లో, అట్టపెట్టెల జిగురులో కూడా ఇది ఉంటుంది.

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలారా, లక్కకు చోటిచ్చారు, రబ్బరుకు ఇచ్చారు. వాటి పక్కన రోజిన్‌కూ ఒక పేజీ ఇవ్వండి. ఆ పేజీలో గాటు పెడుతున్న కూలీ బొమ్మ కూడా వేయించండి.