లెక్క తప్పని హాస్యము

పిల్లవాని చేత బొమ్మల కథ కనబడినంతనే లాగుకొని, దాని స్థానమున లెక్కల పుస్తకము నుంచు ఉపాధ్యాయులు నేటికిని కలరు. హాస్యమొక దారి, శాస్త్రమొక దారి యని వారి నమ్మకము. బెల్జియము దేశపు చిత్రకారుడు ఎర్జే సృజించిన టిన్‌టిన్ చంద్రయాత్రను వారొకమారు చదువుట మంచిది. అది 1950 మొదలు 1953 వరకు వారపత్రికలో వెలువడి, 1953, 1954 సంవత్సరములలో రెండు పుస్తకములుగా వచ్చెను. మానవుడు నిజముగా చంద్రునిపై అడుగిడినది 1969లో గదా!

టిన్‌టిన్ యువ విలేఖరి. విలేఖరి యనుట పేరునకే. ఆతడు కూర్చుండి వార్త వ్రాయుట మిక్కిలి అరుదు. ఇందు మాత్రము చంద్రతలముపై దిగి, తాను చూచినదానిని రేడియో మూలమున భూమికి తెలుపును.

ఇక హాస్యము. కెప్టెన్ హాడాక్ ఖగోళశాస్త్ర గ్రంథమున విస్కీ సీసా దాచి తెచ్చెను. వెంటనున్న డిటెక్టివుల పొరపాటున యంత్రము ఆగగా, గ్లాసులోని విస్కీ గుండ్రని బంతియై తేలిపోయెను. కెప్టెనును గాలిలో తేలుచు దాని వెంటబడెను. పిల్లవాడు పకపక నవ్వును. కాని యంత్రము నడచి రాకెట్టు వేగము పుంజుకొనుచున్నంతసేపు వారికి బరువుండెను. అది ఆగిన క్షణముననే పోయెను. భూమికి దూరమైనందుననే బరువు పోవునను అపోహను పాఠ్యపుస్తకము ఎన్ని పుటలలో తొలగింపగలదు?

తప్పులును లేకపోలేదు. త్రాగిన కెప్టెను వెలుపలికి పోయి, అడోనిస్ అను గ్రహశకలము చుట్టు తిరుగ నారంభించును. కిలోమీటరు వెడల్పైనను లేని ఆ శిలకు అంత ఆకర్షణ ఎక్కడిది? ఆ పుటను తరగతిలో తెరచి ఈ ప్రశ్న అడిగినచో, ఆ గంటలో నిద్రపోవు విద్యార్థి ఉండడు.

అన్నింటికన్న గొప్పది ప్రాణవాయువు లెక్క. రాకెట్టు బయలుదేరు వేళ రాత్రి 1 గంట 34 నిమిషములు. డిటెక్టివు లిరువురు అది మధ్యాహ్నమని భ్రమించి లోపలనే చిక్కుకొనిరి. మొదట ఇది నవ్వులాటయే. కాని నలుగురికిని ఒక కుక్కకును కూర్చిన గాలిని వారును పీల్చవలసివచ్చెను. దొంగచాటుగా ఎక్కిన శత్రువొకడు అదనము. మరియొక రచయిత యైనచో ఈ లెక్కను మరచి యుండును. ఎర్జే మరువలేదు. తిరుగు ప్రయాణమున గాలి చాలదని తేలగా, అంతకుముందు ద్రోహము చేసిన ఇంజనీరు వుల్ఫ్ ఒక చీటి వ్రాసియుంచి, ఎవరికిని చెప్పక, తలుపు తెరచుకొని శూన్యములోనికి పోయెను. అది బాలురకు తగని ఘట్టమని కొందరందురు. దానిని తీసివేసినచో డిటెక్టివుల పొరపాటు వట్టి కోతిచేష్టయై మిగులును.