పులి లెక్కలో పడని నీలి సాలీడు

1899లో బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ ఓ కొత్త సాలీడును లోకానికి పరిచయం చేశారు. ఒళ్లంతా మెరిసే లోహపు నీలం, కాళ్ల మీద పసుపు పట్టీలు. ఆయనకు అందింది ఒకే ఒక్క నమూనా, అదీ గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. అందుకే ఇంగ్లీషు వాడుకలో దానికి గుత్తి పేరు పడింది. తర్వాత వందేళ్లకు పైగా దాని జాడే లేదు. గుత్తి చుట్టుపక్కల ఉంటే కదా కనిపించడానికి!

2001లో అది మళ్లీ దొరికింది. ఎక్కడో కాదు, నంద్యాలకు గిద్దలూరుకు మధ్య ఉన్న నల్లమలలో. గుత్తికి అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరం. నరికిన దుంగలతో పాటు రైలెక్కి డిపో చేరి ఉంటుందని శాస్త్రవేత్తల ఊహ. 1880ల్లో ఈ కొండల మీదుగా రైలు మార్గం వేశాక నల్లమల చాలామందికి కలపగానే కనిపించింది. అడవిలోని అపురూపమైన ప్రాణి కూడా కలప డిపోలోనే శాస్త్రం కంటబడింది మరి.

నంద్యాల జిల్లా బండి ఆత్మకూరు వాళ్లకు ఈ అడవి దూరం కాదు. వరి మళ్లు దాటి తూర్పుకు వెళితే కొండలే. కార్తీకంలో ఓంకారం గుడికి బారులు తీరే జనానికి నల్లమల అంటే గుడి వెనక కొండ. కోతల ముందు రాత్రుళ్లు మంచె మీద కాపు కాసే రైతుకు అడవి పందులు దిగివచ్చే చోటు. ఇక పులి సంగతి చెప్పనక్కర్లేదు. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురం దగ్గర తల్లికి దూరమైన నాలుగు పులికూనలు దొరికినప్పుడు జిల్లా అంతా అదే మాట. తల్లి దగ్గరికి చేర్చాలని అటవీ సిబ్బంది ఎంత ప్రయత్నించినా కుదరక చివరికి తిరుపతి జూకు తరలించారు. 2022 జాతీయ గణన అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పులులు 63. ఒక్కో పులినీ చారల ఆనవాలుతో గుర్తుపట్టి నంబరు ఇస్తారు.

సాలీడుకు నంబరు లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. అది బతికే అడవి వంద చదరపు కిలోమీటర్లు కూడా ఉండదని అంచనా. మన దేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. విచిత్రం ఏమిటంటే, అమెరికాలో, యూరప్‌లో గాజు పెట్టెల్లో పెంచుకునేవాళ్లకు అది బాగా తెలుసు. నంద్యాల బస్టాండులో అడిగితే చెప్పేవాళ్లు అరుదు. దాని వ్యాపారం మీద అంతర్జాతీయ నియంత్రణ 2019లో గానీ రాలేదు.

ఈ సాలీడు గూడు అల్లి, ఎర వచ్చి పడేదాకా అందులో కూర్చునే రకం కాదు. ఎత్తైన ముసలి చెట్టు తొర్రలో పగలంతా దాక్కుని, చీకటి పడ్డాక బయటికొచ్చి పురుగుల్ని పట్టుకుంటుంది. ఆ నీలం రంగు పూత కాదు, ఒంటి వెంట్రుకల్లోని అతిసూక్ష్మ నిర్మాణం మీద వెలుగు పడి తిరిగి వచ్చే తీరు. ఆడది పదేళ్లకు పైగా బతుకుతుంది. తొర్రలు చాలకపోతే ఒకే తొర్రలో కొన్ని కలిసి సర్దుకుంటాయి, పట్నంలో అద్దె గదుల్లాగా.

దాని బతుకంతా ఆ తొర్రే. తొర్ర పడాలంటే చెట్టు ముసలిదవ్వాలి. కానీ ఎండి, తొర్రపడ్డ చెట్టంటే మనకు వంటచెరకే. అటవీ లెక్కల్లోనూ చాలాకాలం అది పనికిరాని మానే. వేసవి మంటలకు ముందు బలయ్యేదీ అదే. మొక్కలు నాటే కార్యక్రమాలకు ఫొటోలు బాగా వస్తాయి గానీ, నిన్న నాటిన మొక్కకు తొర్ర పడాలంటే రెండు మూడు తరాలు గడవాలి.

పరిష్కారం కోసం నల్లమలను జాతీయ ఉద్యానంగా ప్రకటించాలనే మాట సులువుగా వస్తుంది. 1990 నుంచి నంద్యాల వైపు 1194 చదరపు కిలోమీటర్లు గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. జాతీయ ఉద్యానంలో పశువుల మేతకు చట్టం అసలు ఒప్పుకోదు, అభయారణ్యంలో కొంత వెసులుబాటు ఉంటుంది. చెంచు గూడేలు, గుళ్లు, రైలు దారి ఉన్న అడవికి ఆ వెసులుబాటే మేలు. హోదా మారితే తొర్రలు పెరగవు. అంచు ఊళ్లవాళ్లు పరాయివాళ్లయితే మంట అంటుకున్నప్పుడు పరుగెత్తుకొచ్చేది ఎవరు?

కావలసింది చిన్న పనే. పులుల జాడలు వెతికే సిబ్బందిలో చెంచులున్నారు. తేనె కోసం చెట్లెక్కే ఆ కుటుంబాలకు ఏ మానుకు తొర్ర ఉందో వేరే చెప్పాలా? పులి కెమెరాలు బిగించే దారుల్లోనే తొర్రమానులకు గుర్తులు పెట్టి, వాటిని కొట్టకుండా, వాటి చుట్టూ ఎండుటాకులు ఊడ్చి మంట దరి చేరకుండా చూడమనడం పెద్ద ఖర్చేమీ కాదు. రాత్రి తనిఖీకి టార్చిలైట్లు, ఆ రాత్రులకు విడిగా కూలి, బేస్ క్యాంపు రిజిస్టరులో పులి గడి పక్కన సాలీడుకూ ఓ గడి. ఈ వేసవికి ముందే మొదలుపెట్టొచ్చు.