లింకుతో పాటు మనిషి కూడా వెళ్ళాలి



ఈ మధ్య మన సంఘంలో చాలా ఇళ్ళలో ఒక కొత్త అలవాటు వచ్చింది. ఆదివారం ఆరాధనను ఫోన్‌లో తెరిచి, ఆ చిన్న తెర చాలక, వైఫై మీద టీవీకి పంపించుకుని చూస్తున్నారు. పిల్లలు దీన్ని 'కాస్ట్ చేయడం' అంటారు. ఇది మంచిదా, కాదా అని కొందరు అడిగారు. "టీవీలో వస్తోంది కదా అయ్యగారూ, ఇక మందిరానికి రావడం దేనికి?" అని ఒకరిద్దరు నవ్వుతూ అన్నారు కూడా. అందుకే మా మనసులో ఉన్నది రాస్తున్నాము. ముందు మా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాము.

మన మందిరానికి రెండు వీధుల అవతల ఒక మామ్మగారు ఉన్నారు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. అంతకుముందు ఆమె లేని ఆదివారం మాకు గుర్తు లేదు. కువైట్‌లో పనిచేస్తున్న కొడుకు సెలవుకు వచ్చినప్పుడు పెద్ద టీవీ కొని, ఇంటర్నెట్ పెట్టించి వెళ్ళాడు. ఆదివారం ఉదయం మేము యూట్యూబ్ లింకు వాట్సాప్‌లో పంపుతాము, మనవడు దాన్ని టీవీలో పెడతాడు. మామ్మగారు మంచం మీద నుంచే ఆరాధన చూస్తారు. ఇది విని మేము ఎంతో సంతోషించాము. మామ్మగారికి ఇక లోటు లేదనుకున్నాము. అలా అనుకున్న తరువాతే ఆమె ఇంటికి వెళ్ళడం తగ్గింది. వారానికి ఒకసారి వెళ్ళేవాళ్ళం నెలకు ఒకసారి వెళ్ళాము. తరువాత అదీ మానేశాము.

ఒక రోజు ఆ వీధిలోనే వేరే ఇంట్లో ప్రార్థన ముగించుకుని వస్తూ, గుమ్మం ముందు ఆగాము. "బాగున్నారా మామ్మగారూ? ఆరాధన సరిగ్గా వస్తోందా?" అని అడిగాము.

"వస్తోంది బాబూ. నేను మిమ్మల్ని ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను. మీరు నన్ను చూసే మూడు నెలలైంది" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. అందుకే అది మమ్మల్ని ఇంకా లోతుగా గుచ్చింది. ఆమె ఇంకో మాట చెప్పారు. మందిరం మైకు ఆమె మంచం దగ్గరకు వినబడుతుందట. అదే మాట టీవీలో కాసేపు ఆగి వస్తుందట. "టీవీ చూసి నేను ఆమేన్ అనేసరికి, అక్కడ మీరు వేరే మాటలోకి వెళ్ళిపోయి ఉంటారు" అని నవ్వారు. ఆలోచించండి. మైకు వినబడేంత దగ్గర ఇల్లది. ఆ ఇంటికి మా గొంతు చేరింది, మా కాళ్ళు చేరలేదు.

ఇది ఎలా పనిచేస్తుందని ఆ మనవణ్ణి అడిగాము. కుర్రాడు చక్కగా చెప్పాడు. ఫోను, టీవీ ఒకే వైఫైలో ఉండాలట. యూట్యూబ్‌లో కాస్ట్ గుర్తు నొక్కినప్పుడు వీడియో ఫోన్‌లోంచి టీవీకి వెళ్ళదట. ఆ వీడియో ఎక్కడుందో ఫోను చెబుతుంది, టీవీయే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. స్క్రీన్ మిర్రరింగ్ అయితే వేరు. అందులో ఫోన్ తెర మీద ఉన్నదంతా టీవీ మీదకు వెళుతుంది, మధ్యలో వచ్చే మెసేజీలతో సహా. "కాస్ట్‌లో ఫోన్ పని అడ్రస్ చెప్పడం వరకే అయ్యగారూ. తరువాత దాని పని అది చేసుకోవచ్చు" అన్నాడు.

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో మోగింది. మేము చేసిందీ అదే కదా! మామ్మగారికి లింకు చెప్పి, మా పని మేము చూసుకున్నాము. ఫోను అలా చేస్తే తప్పు లేదు. కాపరి అలా చేస్తే తప్పే.

టీవీయే పాపమని మేము అనడం లేదు. తెర మన పల్లెలకు కొత్త కాదు. 1978లో వచ్చిన కరుణామయుడు సినిమాను తెల్ల గుడ్డ కట్టి రాత్రిపూట ఊరూరా చూపించిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తుంటాయి. అయితే ఆ తెర ఊరందరినీ ఒకచోట కూర్చోబెట్టింది. ఇప్పటి తెర ఎవరింట్లో వాళ్ళను కూర్చోబెడుతోంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరాలు మూతపడినప్పుడు ఈ లింకే మనల్ని కలిపి ఉంచింది. దానికి దేవునికి స్తోత్రం. అయితే తలుపులు మూసి ఉన్నప్పుడు ఆసరాగా పట్టుకున్న కర్రను, తలుపులు తెరిచాక కూడా వదలకపోతే కాళ్ళు బలహీనమవుతాయి.

పౌలు తాను వెళ్ళలేని చోట్లకు పత్రికలు రాశాడు. కొలొస్సయులకు రాసిన పత్రికను లవొదికయ సంఘంలో కూడా చదివించమన్నాడు (కొలొస్స 4:16). అంటే దూరం నుంచి వాక్యం అందుకోవడం తప్పు కాదు. కానీ అదే అధ్యాయం 7, 8 వచనాలు చూడండి. పత్రికతో పాటు తుకికును పంపాడు, వారి హృదయాలను ఆదరించడానికి. పత్రిక ఒంటరిగా వెళ్ళలేదు, ఒక మనిషి తీసుకువెళ్ళాడు. యోహాను కూడా, రాయవలసినవి చాలా ఉన్నా కాగితం, సిరాతో సరిపెట్టుకోకుండా ముఖాముఖిగా మాట్లాడాలని కోరుకున్నాడు, అప్పుడే సంతోషం పూర్తవుతుందని (2 యోహాను 12). మన కాలపు కాగితం, సిరా ఈ లింకే. అది ఉండాలి. దానితో సంతోషం పూర్తి కాదు.

కాబట్టి మా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాము. నడవగలిగినవారు మందిరానికి రండి. వ్యవసాయ పనులకు, పెళ్ళిళ్ళకు, సంతకు వెళ్ళగలిగిన కాళ్ళు ఆదివారం మాత్రమే నొప్పి పుట్టకూడదు. కూడుకోవడం మానవద్దని హెబ్రీ 10:25 హెచ్చరిస్తుంది. దాని ముందు వచనంలోనే కారణం ఉంది, ఒకరినొకరు ప్రేమకు, మంచి పనులకు పురికొల్పుకోవడానికి. టీవీ ముందు కూర్చున్నవాడు ఎవరిని పురికొల్పగలడు? పక్కన కూర్చున్న అక్క కళ్ళలో నీళ్ళు ఎవరు చూస్తారు?

రాలేనివారు, పరదేశంలో ఉన్నవారు తప్పకుండా చూడండి. చూసేటప్పుడు ఆరాధనగా చూడండి. బైబిలు చేతిలో ఉండనివ్వండి. టీవీకి పంపించాక ఫోను ఖాళీ అవుతుంది, దాన్ని పక్కన పెట్టండి. లేకపోతే చెవులు ప్రసంగం మీద, వేళ్ళు స్టేటస్‌ల మీద ఉంటాయి. ఆటోప్లే ఆపివేయండి. ఆశీర్వాదం ముగిసిన మరుక్షణమే ఇంకో వీడియో మొదలైతే, విన్న వాక్యం గుండెలో దిగదు.

ఇక మేము, సంఘ పెద్దలం ఒక తీర్మానం చేసుకున్నాము. లింకు వెళ్ళిన ప్రతి మంచం దగ్గరకు మనిషి కూడా వెళ్ళాలి. ప్రతి ఆదివారం వంతుల ప్రకారం ఇద్దరు, మంచాన ఉన్నవారి ఇంట్లోనే కూర్చుని వారితో కలిసి ఆరాధన చూస్తారు. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం సాయంత్రం మేమే రొట్టె, ద్రాక్షారసం తీసుకుని వెళ్తాము. అది ఏ వైఫైలోనూ రాదు.

మొదటి వంతు మామ్మగారి ఇంటికే వెళ్ళింది. యవ్వనస్తుల్లో ఇద్దరు ఆడపిల్లలు వెళ్ళారు. టీవీలో ఆమేన్ ఆ రోజూ ఆలస్యంగానే వచ్చిందట. మామ్మగారు ఆమేన్ అన్నప్పుడు పక్కనే ఇంకా రెండు గొంతులు కలిశాయట.

మీ వీధిలో లింకు మాత్రమే వెళ్ళిన ఇల్లు ఏదో ఈ వారం చూడండి. ఎవరైనా మిగిలిపోతే మాకు చెప్పండి. నిర్లక్ష్యం చేసిన మమ్మల్ని ప్రభువు క్షమించి, మన కాళ్ళను తన సేవలో నడిపించును గాక. ఆమేన్.