చవుక ల్యాప్‌టాపు, చాటు బేరము

కొన్నవాడు ఎప్పుడు దొంగతో సమానుడగునను ప్రశ్నకు ప్రాచీన ధర్మశాస్త్రకారులు చెప్పిన సమాధానము నేటి ఆన్‌లైన్ అంగళ్ళను చూచి వ్రాసినట్లే యుండుట ఆశ్చర్యము గొలుపును. తనది కాని సొమ్మును తనదిగా అమ్ముటకు వారు అస్వామివిక్రయమని పేరిడి, దానిని ప్రధాన వ్యవహారపదములలో, అనగా వ్యాజ్యకారణములలో, ఒకటిగా లెక్కించిరి. అట్టి సొమ్ము కలిగియుండుటకు తగిన స్థితి లేనివానినుండి గాని, చాటున గాని, మిక్కిలి తక్కువ వెలకు గాని, వేళ గాని వేళను గాని కొన్నవానిని తస్కరునిగానే యెంచవలెనని యాజ్ఞవల్క్యస్మృతి శాసించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను, తన దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చిన కేతన పదుమూడవ శతాబ్దమున తెలుగు పద్యములలోనికి తెచ్చెను గనుక ఈ విచారము తెలుగువారికి ఏడు వందల యేండ్లుగా పరిచితమే.

విక్రేత యెవడు, చోటేది, వెల యెంత, వేళ యెట్టిది అను ఈ నాలుగు విచారములలో నొక్కటియు వస్తువు గుణమును గూర్చినది కాదు. నేడు సగము వెలకే ల్యాప్‌టాపు దొరకునను ప్రకటనను ఫోనులో చూచిన వారు మొట్టమొదట నడుగునది ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది యని. స్మృతికారుడు అడుగుమన్నవి మాత్రము కట్టకడపటికి గాని నోటికి రావు, పెక్కుమారులు అప్పటికి సొమ్ము చేయిదాటిపోయియుండును. మోసగానికి ఈ క్రమము బాగుగా తెలియును. పూర్వులు దోషములుగా లెక్కించిన వానినే అతడు గుణములుగా అలంకరించి నిలుపుచున్నాడు: చాటుతనము 'వాట్సాప్‌లో మాటలాడుకొందము' అను చనువైనది, హీనమూల్యము డిస్కౌంటైనది, అకాలము అర్ధరాత్రితో ముగియు 'ఫ్లాష్ సేల్' అయినది, స్థితిలేమి 'అర్జంటుగా ఊరు విడిచిపోవుచున్నాను' అను దైన్యమైనది.

కోయంబత్తూరు, మధుర ప్రాంతముల పాత తెలుగు కుటుంబములకు ఈ అంగడి తక్కినవారికంటె మరి కొంత కొత్త. విజయనగర సేనల వెనువెంటను, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో నెలకొల్పిన నాయకరాజ్యపు నీడను దక్షిణమునకు తరలివచ్చిన కమ్మవారు, బలిజలు, రెడ్లు, దేవాంగులు సేద్యమునందును, నేతయందును, వర్తకమునందును స్థిరపడి, పిమ్మట కోయంబత్తూరున నూలు మిల్లులను, పంపులు మోటార్ల కార్ఖానాలను నిలిపినవారైరి. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడియున్నారు. వీరి క్రయవిక్రయములు తరతరములుగా ఎరిగినవారితోనే సాగినవి. తిరుమల నాయకుడు మీనాక్షి ఆలయపు తూర్పుగోపురమున కెదురుగా కట్టించిన పుదుమండపములో దర్జీలు, పుస్తకములవారు, పాత్రలవారు స్తంభముల నడుమ కూర్చుండి అమ్మిన కాలమున, కొన్నది చెడినచో మరునాడు అదే స్తంభమునొద్దకు పోయి నిలదీయుటకు వీలుండెను. బేరము రెండు రూపాయలు ఎక్కువైనను ఆ నిలదీయగల హక్కునకు చెల్లించిన ధర యది.

ఇంకొక సంగతి కలదు. దీనిని చెప్పుటకు కొంచెము సంకోచమే. నాలుగైదు వందల యేండ్లు పరభాష నడుమ బ్రదికిన జనమునకు భాషయే చుట్టరికమునకు గుర్తు. 2006 నాటి చట్టము బడులలో తమిళమును నిర్బంధము చేసిన పిమ్మట తెలుగు లిపి చాల ఇండ్లలో పెద్దల సొత్తుగా మిగిలినది. పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, తమిళమునను ఇంగ్లీషునను చదువుదురు. ఇట్టి యింటివారికి ఫోనులో అపరిచితుడు 'మనది విజయవాడండీ' అని తెలుగున పలుకరించినంతనే మనసు మెత్తబడును, అడుగవలసిన ప్రశ్న అమర్యాదగా తోచును. కాని వాని తెలుగు వాని చిరునామాకు సాక్ష్యము కాదు. మోసమునకు ఏ భాషయైనను నేర్వవచ్చును, నేర్చినవానిని జీతమునకు పెట్టుకొనవచ్చును.

తగ్గింపు వెలకు న్యాయమైన కారణములు లేకపోలేదు, వానిని తెలిసికొనినచో తక్కినవాని స్వరూపము బయటపడును. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడిన యంత్రములను మూకుమ్మడిగా వదలించుకొనును. వ్యాపారులు వానిని బాగుచేసి 'రిఫర్బిష్డ్' అని అమ్ముదురు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ తన సాధారణ సంరక్షణను ముగించుటయు, ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంచుమించుగా ఎనిమిదవ తరమునకు ముందటివి విండోస్ 11కు అర్హములు కాకపోవుటయు కలిసి లెక్కలేనన్ని మంచి స్థితిలోని పాత యంత్రములను ఒక్కసారిగా అంగడిపాలు చేసినవి. ఇవి చవుకగా రావలసినవే. చవుకగా వచ్చినవని చెప్పి అమ్మినచో తప్పును లేదు. తప్పంతయు కారణమును దాచుటయందున్నది. కళాశాలలు తెరచుకొను కాలమును, కోయంబత్తూరు ఒప్పణక్కార వీధి బట్టల కొట్లలో 'ఆడి తళ్ళుబడి' యనబడు ఆషాఢపు తగ్గింపు కాలమును ఒక్కటే యగుట చేత, పీలమేడు కళాశాలలలో సీటు దొరకిన పిల్లవాని తండ్రికి ఆ నెలలలో తక్కువ ధర యేదియు వింతగా కనబడదు.

అట్టి తండ్రి కంటబడు ప్రకటనను ఒకదానిని ఊహింతము: 'కోర్ ఐ7, 16 జీబీ, ఒక సంవత్సరము మాత్రమే వాడినది, బిల్లు ఉన్నది, 18,000 రూపాయలు'. ఐ7 అను పేరు విని మురిసిపోరాదు, ఆ పేరు తరమును చెప్పదు. దాని వెనుక నుండు అంకెలే చెప్పును. 4600యు అని యున్నచో అది నాల్గవ తరముది, 2013 నాటిది; 1355యు అని యున్నచో పదుమూడవ తరముది, 2023 నాటిది. ఈ రెండింటికి నడుమ పదేండ్ల దూరము. ప్రకటనలో ఆ అంకెలు లేకున్న, అడిగినను చెప్పకున్న, 'ఒక సంవత్సరము' అను మాట బొంకు. బిల్లు సంగతియు నట్టిదే. బిల్లుపై నుండు పదునైదు అక్షరముల జీఎస్టీ నెంబరు తొలి రెండంకెలు రాష్ట్రమును తెలుపును: తమిళనాడునకు 33, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌నకు 37. ఆ నెంబరు ఎవరిదో జీఎస్టీ వారి వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. అయితే నిజమైన దుకాణపు బిల్లును ఫోటో తీసి పదిమందికి చూపించుటయు వాడుకే గనుక, బిల్లుపై వ్రాసిన సీరియల్ నెంబరును, ల్యాప్‌టాపు అడుగున అంటించిన నెంబరును, యంత్రము తెరువగానే బయోస్ తెరపై కనబడు నెంబరును, ఈ మూడింటిని సరిచూడవలెను. చీటీని పెరికి మరియొకటి అంటించుట సులభము. బయోస్‌లోని దానిని మార్చుట అంత సులభము కాదు. ఆ నెంబరును తయారీదారు వెబ్‌సైటులో ఇచ్చినచో వారంటీ ఎన్నడు మొదలైనదియు ఎన్నడు ముగియునదియు సాధారణముగా తెలియును.

యంత్రమును చేతబట్టి చూచు అవకాశమున్నవాడు ఇంకొకటి చేయవలెను. విక్రేత ఎదుటనే విండోసును మొదటి స్థితికి తెచ్చి, ఇంటర్నెట్టుకు తగిలించి వేచియుండవలెను. కంపెనీ సొత్తై, దాని జాబితానుండి తొలగింపబడని యంత్రమైనచో అప్పుడు తెరపై ఆ కంపెనీ పేరు ప్రత్యక్షమై, అక్కడి ఉద్యోగి పాస్‌వర్డును అడుగును. మ్యాక్‌బుక్కైనచో పూర్వపు యజమాని ఆపిల్ ఖాతాను అడుగును. దీనికి ఒక గంట పట్టవచ్చును. ఆ గంట ఓపిక పట్టని విక్రేతకు నమస్కరించి లేచిరావలెను.

కాని పెక్కు మోసములలో చూచుటకు యంత్రమే యుండదు. ఉత్తరదేశమున భరత్‌పూర్, మేవాత్ ప్రాంతములనుండి సాగిన మోసములను గూర్చి పోలీసులు అనేకమారులు ప్రకటించినదానిలో సైనికవేషము ప్రసిద్ధము: తాను సైన్యములో నున్నాననియు, బదిలీ అయినదనియు, సామాను మోసికొనిపోలేక అమ్ముచున్నాననియు చెప్పి గుర్తింపు కార్డు ఫోటోను పంపుట. కోయంబత్తూరునకు సమీపమున సూలూరు వైమానిక స్థావరమును, కొండమీద వెల్లింగ్టన్ సైనికకేంద్రమును నిజముగానే యుండుటచే ఈ కథ అక్కడివారికి మరింత నమ్మదగినదిగా తోచును. సైనిక క్యాంటీను సరకు చవుక యన్నది లోకవిదితమే గనుక వెల తగ్గుటకు కారణమును సిద్ధముగా నుండును. ఇంత చక్కగా అల్లిన కథకు చివర వచ్చునది రవాణా ఖర్చులకని చిన్న అడ్వాన్సు, దాని వెనుక మరియొకటి, ఆ రెండును తిరిగి యిచ్చెదనని ఒక క్యూఆర్ కోడు. యూపీఐలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నెంబరు ఎన్నడును అక్కరలేదు. పిన్ అడిగినదనగా సొమ్ము పోవుచున్నదనియే యర్థము. వ్యక్తులు పరస్పరము సొమ్ము కోరుచు పంపు 'కలెక్ట్' అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి జాతీయ చెల్లింపుల సంస్థ నిలిపివేయుటతో ఒక ద్వారము మూతబడినది, క్యూఆర్ కోడు ద్వారము మాత్రము తెరచియే యున్నది.

పేరుగల వేదికలలో కొనినను నిశ్చింత లేదనుటకు 2022 సెప్టెంబరులో దేశమంతట మారుమ్రోగిన ఉదంతమొకటి చాలును. అహ్మదాబాదు ఐఐఎంలో చదివిన యువకుడొకడు పండుగ తగ్గింపులో తండ్రి కొరకు ల్యాప్‌టాపు తెప్పించగా పెట్టెలో బట్టలసబ్బు పొట్లములు వచ్చినవి. పెట్టెను విప్పి చూచిన పిమ్మటనే ఓటీపీ చెప్పవలెనను ఏర్పాటు ఆ వేదికకు ఉన్నది. ఆ సంగతి తండ్రికి తెలియదు, మామూలుగా సరకు చేతికి రాగానే చెప్పు ఓటీపీ యనుకొని చెప్పివేసెను. సొమ్ము తిరిగి వచ్చినది గాని, వచ్చుటకు ముందు రచ్చ యెంతయో జరిగినది. ఇంటర్నెట్టులో కొనువాడు పిల్లవాడు, గుమ్మమున అందుకొనువారు పెద్దలు అను ఈ పనివిభజన మన ఇండ్లలోను ఉన్నదే గనుక ఆర్డరు పెట్టినవారు ఓటీపీ సంగతిని ఇంటివారికి ముందుగా చెప్పియుంచవలెను.

సెకండ్ హ్యాండు యంత్రమన్న ముఖము చిట్లించుకొనువారికి కోయంబత్తూరు చరిత్రయే ప్రత్యుత్తరమిచ్చును. కలంగల్ గ్రామపు తెలుగు కుటుంబమున 1893లో పుట్టిన జి.డి. నాయుడు హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక ఇంగ్లీషు అధికారి వాడిన రడ్జ్ మోటారుసైకిలును కొని, దానిని ముక్కముక్కగా విప్పి మరల కూర్చి యంత్రవిద్య నేర్చెనని ప్రతీతి. ఆ బేరములో విక్రేత ఎవడో తెలియును, వస్తువు కంటి ఎదుట నడిచినది, కొన్నవాడు దానిని విప్పి చూచెను. గాంధీపురపు రిపేరు కొట్టులో పాత ల్యాప్‌టాపును బేరమాడువానికి నేటికిని ఆ మూడును సాధ్యములే. రెండువేలు ఎక్కువైనను, నెలదినముల హామీ చీటీపై వ్రాసి సంతకము చేయు కొట్టువానివద్ద కొనుటయే నా అభిప్రాయమున చవుక.

చట్టము ఏమనుచున్నది? 1930 నాటి సరుకుల విక్రయచట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి రాదు. దొంగసొమ్మును కొన్నవాడు అసలు యజమాని రాగానే తిరిగి యిచ్చుకొనవలసినదే. భారతీయ న్యాయసంహిత 317వ విభాగము, అది దొంగసొమ్మని తెలిసియు, లేక నమ్ముటకు కారణముండియు పుచ్చుకొన్నవానిని శిక్షార్హునిగా చెప్పుచున్నది. 'నమ్ముటకు కారణము' ఎట్టిదని వాదము వచ్చినప్పుడు న్యాయస్థానమున పరిశీలనకు వచ్చునవి వెల, వేళ, చోటు, విక్రేత స్థితియే గదా. మోసపోయినవారు వెంటనే పిలువవలసిన నెంబరును 1930యే యగుట కాకతాళీయమైనను గుర్తుంచుకొనుటకు అనుకూలము; సొమ్ము ఖాతాలు మారి పంచబడిపోకముందే, అనగా మొదటి గంటలలోనే, పిలిచినచో నిలుపుదలకు ఆశ యుండును. 2020 నాటి ఈ-కామర్స్ నియమములు విక్రేతల చిరునామా చూపవలెననియు, ఫిర్యాదును 48 గంటలలో అందుకొని నెలలో పరిష్కరింపవలెననియు వేదికలకు విధించినవి. అయితే ఎవరో ఒక వ్యక్తి తన పాత వస్తువును మరియొకనికి అమ్ముకొను ప్రకటనల వేదికలలో ఈ రక్షణ మిక్కిలి పలుచన. మోసగాండ్రు అచ్చటనే కాపురముండుట అందుచేతనే.

ఇక తమిళనాటికే ప్రత్యేకమైన సంగతి యొకటి. 2011 సెప్టెంబరులో ప్రారంభమైన ఉచిత ల్యాప్‌టాపుల పథకము క్రింద విద్యార్థులకు పంచిన యంత్రముల సంఖ్య కాలక్రమమున 50 లక్షలు దాటినది. వానిలో కొన్ని అమ్మకమునకు వచ్చినవని పత్రికలు పలుమారులు వ్రాసినవి. ప్రభుత్వపు గుర్తును గోకివేసి, లేదా పైన రంగుకాగితము అంటించి అమ్మినచో కొన్నవానికి తెలియునది ఎట్లు? ఫోనునకైనచో ఐఎంఈఐ నెంబరును కేంద్రప్రభుత్వపు సంచార్ సాథీ వెబ్‌సైటులో చూచి అది దొంగిలింపబడినదిగా నమోదైనదో లేదో తెలిసికొనవచ్చును. ల్యాప్‌టాపునకు దేశములో అట్టి ఉమ్మడి పట్టిక లేదు, సీరియల్ నెంబరు తయారీదారు ఇంటనే యుండును. పంచిన వాని పట్టిక కొన్న ప్రభుత్వమునొద్ద తప్పక యుండవలెను. 2025-26 బడ్జెట్టులో 20 లక్షల కళాశాల విద్యార్థులకు మరల ల్యాప్‌టాపులు గాని టాబ్లెట్లు గాని ఇత్తుమని ప్రకటించిన తరువాత, విద్యార్థుల పేర్లు బయటపెట్టకయే, ఒక సీరియల్ నెంబరు ఇచ్చినచో 'ఇది పథకపు యంత్రము' అని మాత్రము చెప్పు వెతుకులాట పేజీ నొకదానిని రాష్ట్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ సంస్థయైన ఎల్‌కాట్ చేత తెరిపించుట చెన్నైలోని సచివాలయమునకు భారమైన పని కాదు. అది ఉన్ననాడు మధుర టౌన్‌హాలు వీధిలో పాత యంత్రమును చేతబట్టిన తండ్రి, ఆ ఒక్క మోసమునైనను, డబ్బు తీయకముందే ఫోనులో కనిపెట్టగలడు.