మూడడుగుల ఎత్తు నుంచి చూస్తే.. కొలువు కనిపిస్తుంది!

ఓసారి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మీ గదిని చూడండి. కిటికీ, కుళాయి, తలుపు గడియ.. అన్నీ తలపైనే ఉన్నాయి కదా! మూడేళ్ల పిల్లలు రోజూ చూసే ప్రపంచం ఇదే. దీన్ని వాళ్ల ఎత్తుకు దించడం ఇప్పుడు ఒక నైపుణ్యం.

దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35,700. చాలాచోట్ల ఇంకా అద్దె గదులే దిక్కు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని జాతీయ విద్యావిధానం-2020 చెబుతోంది. గాలి, వెలుతురు ఉన్న, పిల్లలకు అనువైన భవనాలు కావాలనీ అంటోంది. 2 లక్షల కేంద్రాలను ‘సక్షమ్‌ అంగన్‌వాడీ’లుగా మార్చాలన్నది కేంద్రం లక్ష్యం. కొత్త భవనానికి ఖర్చు పరిమితినీ రూ.7 లక్షల నుంచి రూ.12 లక్షలకు పెంచారు.

డబ్బు పెరిగితే సరిపోతుందా?

సరిపోదు. గోడలకు రంగురంగుల బొమ్మలు వేసినా, ఏప్రిల్‌ ఎండకు స్లాబ్‌ కాలిపోతుంటే పిల్లలు కూర్చోగలరా? ఏసీ పెడితే కరెంటు బిల్లు ఎవరు కడతారు? కప్పుకు తెల్లటి కూల్‌ పెయింట్‌, ఎదురెదురు కిటికీలు, పడమర వరండా, చెట్టు నీడ, ఇంకుడు గుంత.. వీటిని ప్లాన్‌ గీసేటప్పుడే ఆలోచిస్తే అదనపు ఖర్చు తక్కువ. కట్టాక సరిదిద్దాలంటేనే తడిసి మోపెడవుతుంది. తెలంగాణ 2023లోనే కూల్‌ రూఫ్‌ విధానం తెచ్చింది.

భవనమే పాఠం కూడా కావచ్చు. ‘బాల’ అనే మన దేశపు పద్ధతిలో కిటికీ గ్రిల్‌ను వేలితో దిద్దుకునే ఆకారాల్లో చేస్తారు, మెట్లపై అంకెలు వేస్తారు. జపాన్‌లో టోక్యో శివారున 2007లో కట్టిన ఫుజీ కిండర్‌గార్టెన్‌లో పిల్లలు గుండ్రటి కప్పుమీదే పరుగులు తీస్తారు. అక్కడున్న చెట్లను కొట్టకుండా కప్పులోంచే పైకి వదిలారు.

మీ దారి ఏది?

‘అంగన్‌వాడీ డిజైనర్‌’ పోస్టుకు నోటిఫికేషన్‌ వస్తుందని ఎదురుచూడకండి, రాదు. ఆర్కిటెక్ట్‌ ఆఫీసులు, ప్రభుత్వ ఇంజినీరింగ్‌ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు ప్లేస్కూళ్ల ద్వారానే ఈ పని దొరుకుతుంది. ఇంటర్‌ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే నాటా లేదా జేఈఈ మెయిన్‌ పేపర్‌-2 రాసి బీఆర్క్‌లో చేరమనండి. విజయవాడలో ఎస్‌పీఏ (దీనికి జేఈఈ మెయిన్‌ పేపర్‌-2 రాయాలి), హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉన్నాయి. మీరు సివిల్‌ చదివి ఉంటే హైదరాబాద్‌ కేంద్రంగా పనిచేసే ఐజీబీసీ అక్రెడిటెడ్‌ ప్రొఫెషనల్‌ పరీక్షపై దృష్టి పెట్టండి. 3-6 ఏళ్ల పిల్లల కోసం 2024లో వచ్చిన ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళికా చదవండి. గదిలో ఏం జరుగుతుందో తెలియకుండా గది గీయలేం.

ఈ వారమే మీ వీధి అంగన్‌వాడీకి వెళ్లండి. టీచర్‌ను అడిగి కొలతలు తీసుకోండి. మధ్యాహ్నం ఎండ ఏ గోడమీద పడుతోంది? పిల్లల చెయ్యి కుళాయికి అందుతోందా? మూడు మార్పులతో ఒక స్కెచ్‌, ఖర్చు అంచనా వేయండి. రేపు ఇంటర్వ్యూలో ‘మీరేం చేశారు?’ అంటే చూపించడానికి ఆ కాగితం చాలు.