చిత్తరువు గుఱ్ఱము, వాల్వు నాదము

విద్యుత్ గిటారు వాయించువారిలో చిరకాలముగా నొక వివాదము నడచుచున్నది. కేవలము లెక్కల సాయముతో వాల్వు యాంప్లిఫయరు నాదమును పుట్టించు ‘డిజిటల్ మోడలరు’ అసలు యాంప్లిఫయరుకు సాటి రాగలదా యనునదే ఆ వివాదము. 1998లో లైన్ 6 సంస్థవారు చిక్కుడుగింజ ఆకారమున ఎఱ్ఱని ‘పాడ్’ పెట్టెను తెచ్చిననాటినుండియు ఇది సాగుచునే యున్నది. ఎంత మంచి యంత్రము వచ్చినను, బాగున్నది గాని ప్రాణము లేదను పెదవి విఱుపు మానలేదు. తెలుగు పాఠములు చెప్పుకొనువానికి ఈ గొడవ యేల యని పాఠకులు అడుగవచ్చును. అనుకరణము ఎప్పుడు నిజమనిపించునను ప్రశ్న మన అలంకారశాస్త్రమున చాల పాతది. అందుచేత తలదూర్చుచున్నాను.

వాల్వు రేడియోలను మన పెద్దలు ఎఱుగుదురు. మీట త్రిప్పిన వెంటనే పలుకక, లోపలి గాజుబుడ్లు వేడెక్కిన పిమ్మటగాని నోరు విప్పని పెట్టెలవి. రేడియోలను విడిచిపోయిన ఆ వాల్వులు గిటారు యాంప్లిఫయరులందు మాత్రము నేటికిని నిలిచియున్నవి. కారణము వాని నిర్దుష్టత కాదు, వాని దోషమే. శక్తికి మించిన పని పెట్టినపుడు వాల్వు ధ్వనితరంగపు శిఖరములను క్రమక్రమముగా అణచును. మూలనాదమున లేని పైస్వరములు క్రొత్తగా పుట్టును. తంత్రిని గట్టిగా మీటినపుడు లోపలి వోల్టేజి క్షణకాలము క్రుంగి మఱల లేచును. ఇంజనీరు లెక్కలో ఇవి వైకల్యములు. వాదకుని చెవికి ఇవే జీవము. సందర్భమునుబట్టి దోషము గుణమగునని లాక్షణికులు చెప్పినదానికి ఇంతకంటె చక్కని లక్ష్యము నాకు కానరాదు.

ఇక ‘అసలు’ అని మనము పూజించుదాని పుట్టుక చూడుడు. 1962లో లండనులోని జిమ్ మార్షల్ దుకాణమున తయారైన జె.టి.ఎం. 45 యాంప్లిఫయరు, అమెరికాలోని ఫెండర్ వారి బాస్‌మన్‌ను చూచి చేసినది. సర్క్యూటు దాదాపు అదే. కాని వాల్వులు వేఱు, ట్రాన్స్‌ఫార్మరులు వేఱు. నాలుగు పదియంగుళముల జెన్సన్ స్పీకరులుండి వెనుక తెఱచియుండు పెట్టెకు మాఱుగా, నాలుగు పండ్రెండంగుళముల సెలెస్టియన్ స్పీకరులు గల మూసిన పెట్టె. ఆ తేడాలనుండి మార్షల్ నాదమను క్రొత్త నాదము పుట్టినది. నేటి మోడలరులు అనుకరింపగోరు ‘అసలు’లలో అది ముందు వరుసలోనిది. చూచి చేసినది గనుక నకిలీ యని దానిని ఎవరైన అందురా?

నటుని చూచిన ప్రేక్షకునికి కలుగు ప్రతీతిని శ్రీశంకుకుడు చిత్రతురగముతో పోల్చినాడు. చిత్తరువులోని గుఱ్ఱమును చూచి ఇది నిజమనిగాని, అబద్ధమనిగాని, అవునో కాదో యనిగాని, గుఱ్ఱమువంటిదనిగాని అనుకొనము, గుఱ్ఱమనియే గ్రహింతుము. అభినవగుప్తాదులు ఆ మతమును ఒప్పుకొనలేదు. అయినను పోలిక నిలిచినది. మోడలరును నిందించువారును, పొగడువారును తఱచు మఱచునది యొకటి కలదు. ఆ యంత్రము చిత్రించునది గదిలోని యాంప్లిఫయరును కాదు. మైకు ముందున్న యాంప్లిఫయరును.

గిటారు స్పీకరు సుమారు 5000 హెర్ట్‌జులకు పైనున్న ధ్వనిని చాలవఱకు మ్రింగివేయును. స్పీకరు, దాని పెట్టె, ఎదుటి మైకు, ఈ మూడింటి స్పందనమును కలిపి ఒక కొలతగా పట్టుకొందురు. దానిని ‘ఇంపల్స్ రెస్పాన్స్’ అందురు. మోడలరు తన నాదమునకు దానిని జోడించును. అనగా మనము రికార్డులలో వినెడి గిటారు నది వినిపించును. కాళ్ళకు తగులు గాలి, గోడలనుండి మరలివచ్చు మ్రోత అందులో నుండవు. ఏండ్ల తరబడి యాంప్లిఫయరు ప్రక్కన నిలిచి వాయించినవాడు, ఆ యనుభవమునే హెడ్‌ఫోనులలో వెదకి, దొరకక, లెక్కలలో లోపమున్నదని తీర్పు చెప్పును. లోపము పోలికలో నున్నదని నేనందును.

లెక్కలలో చిక్కులు లేకపోలేదు. నాదమును సెకనుకు 48,000 మాఱులు కొలుచు యంత్రమున 24,000 హెర్ట్‌జులకు పైని పుట్టిన స్వరములు క్రిందికి మడతపడి, శ్రుతితో పొందని కీచుగా వినవచ్చును. లోపల కొలత వేగమును అనేక రెట్లు పెంచి, పిదప వడగట్టి, దీనిని చాలవఱకు తీర్చినారు.

గదిలోని అనుభవమే కావలసినవాడు మోడలరులోని స్పీకరు చిత్రమును ఆపి, పవర్ యాంప్లిఫయరు ద్వారా నిజమైన గిటారు స్పీకరునకు కలుపవలెను. ఆపనిచో స్పీకరుమీద స్పీకరు పడి, కంబళి కప్పినట్లు నాదము మూగవోవును. రికార్డు నాదము కావలసినవాడు యాంప్లిఫయరుల పేర్లు మార్చుచు కూర్చుండక, ముందు స్పీకరు చిత్రమును మార్చి చూడవలెను. గిటారు తీగ చేరుచోట నిరోధము పది లక్షల ఓములుండుట మంచిది. మిక్కిలి తగ్గినచో నాదపు మెఱుపు పోవును.

అన్నిటికంటె పెద్ద మోసము బిగ్గఱతనమున నున్నది. మెల్లగా మ్రోగు నాదములో మంద్రస్వరములను, మిక్కిలి తారస్వరములను మన చెవి అంతగా పట్టుకొనదు. ఫ్లెచర్, మన్‌సన్ అనువారు 1933లోనే దీనిని కొలిచి చూపినారు. అద్దెగదిలో ఇరుగుపొరుగులు లేవకుండ వాయించు కుఱ్ఱవాడు ఆ కొఱత తీర్చుటకై రెంటిని పెంచును. అదే అమరిక వేదికమీద మంద్రము గుమ్మని మ్రోగి, తారము చెవులు కోయును. నింద యంత్రముమీద పడును. బరువైన వాల్వు యాంప్లిఫయరును కొనలేనివాడు, కొన్నను దానిని పూర్తి గొంతుతో పలికింప చోటు లేనివాడు, ఈ నింద విని తన వాద్యమే తక్కువజాతిదని క్రుంగుట నాకు సమ్మతము కాదు.

తయారీదారులకు నాదొక మనవి. మోడలరు తెఱమీద ప్రసిద్ధ యాంప్లిఫయరుల బొమ్మలు వేసి చూపుట మానినచో బాగుండును. బొమ్మ చూడగానే చెవి పని కన్ను చేయనారంభించుచున్నది. మీటలకు అంకెలు మాత్రముంచి, సభలో వాయించునంత బిగ్గఱగా, మంచి స్పీకరులో వినిపించి, అటుపిమ్మట ప్రాణమున్నదో లేదో చెప్పుమనవలెను.