ఆకుపసరు చిత్రమును మూసీనదియు

పాలకూర పసరును కాగితమునకుఁ బూసి, నీడ నారఁబెట్టి, దానిపై నొక యాకునుంచి, గాజుపలక క్రింద కొన్నిదినము లెండకుఁ బెట్టినచో, ఎండ సోకినచోట రంగు వెలియును. ఆకు కప్పినచోట నిలుచును. పుష్పరసములతో నిట్టి ప్రయోగములను సర్ జాన్ హెర్షెల్ దొరగారు 1842లోఁ బ్రకటించిరి.

హైదరాబాదు విద్యార్థులు మూసీనదిలోని గుర్రపుడెక్క యాకుతో దీనిని జేయవలెనని మేము తలఁచెదము. అనంతగిరి కొండలలోఁ బుట్టిన యీ నదిలో నగరపు మురుగే యెరువై యా కలుపు దట్టముగాఁ బెరుగుచున్నది. కావునఁ గాగితముపై నిలిచిన యా ఛాయ మన యిండ్ల మురుగునకు సాక్ష్యము.

ఈ చిత్రమునకు స్థిరత్వము లేదు. వెలుతురులోఁ జూచుకొలఁది వెలిసిపోవును. నది యట్లు గాదు. మనము చూడనందునఁ జెడుచున్నది. చిత్రము వెలియకమునుపే బాలబాలికలు దానిని తలిదండ్రులకుఁ జూపుదురుగాక!